వంటింట్లో తొమ్మిది ఓట్లు

కార్వర్, అయోవా
4 జనవరి 1988

శ్రీమతి ఇర్మా నైక్విస్ట్ గారికి,

కౌంటీ పార్టీ ఆఫీసు నుంచి కార్యదర్శి లోర్నా ప్రిట్చర్డ్ నమస్కరించి రాసేది.

నాలుగేళ్లు గిర్రున తిరిగాయి. దేశాధ్యక్ష పదవికి మన పార్టీ తరఫున ఎవరు నిలబడాలో మళ్లీ దేశమంతటికంటే ముందు మనమే తేల్చాలి. ఎల్క్ రన్ ఊరివాళ్ల సభ, అదే కాకస్, ఎప్పటిలాగే మీ ఇంట్లోనే అనుకుంటున్నాను. ఫిబ్రవరి 8, సోమవారం, సాయంత్రం ఏడు గంటలకు. పద్ధతి మీకు కొత్త కాదు, అయినా రాయమన్నారు కనుక రాస్తున్నాను. వచ్చినవాళ్లు పేర్లు రాయాలి. ఎవరి అభ్యర్థి వైపు వాళ్లు గుంపుగా ఒక చోట నిలబడాలి. తలలు లెక్కపెట్టాలి. వచ్చినవాళ్లలో నూటికి పదిహేను మంది లేని గుంపు చెల్లదు. చెల్లని గుంపులోవాళ్లు అరగంటలో వేరే గుంపులో కలవాలి, లేదా ఇంటికి వెళ్లిపోవాలి.

కొత్త సంగతి ఒకటి ఉంది. వరసగా రెండుసార్లు పన్నెండు మందికి తక్కువ వస్తే ఆ ఊరికి ఇక విడిగా సభ ఉండదని, కార్వర్ హైస్కూల్ జిమ్‌లో కలిపేస్తామని కమిటీ తీర్మానించింది. పోయినసారి మీ ఇంటికి వచ్చింది పదకొండు మంది. ఈసారి పన్నెండుకి తగ్గకుండా చూడండి.

ఎప్పటిలాగే మీ కాఫీని తలుచుకుంటూ,
లోర్నా ప్రిట్చర్డ్

తా.క. పోయినసారి సభ జరిగినంతసేపూ మీ ఆయన గరాజులో కూర్చుని స్క్రూలు సైజుల వారీగా సర్దుకున్నారట. ఈసారి ఆయన్ని లోపలికి లాక్కురండి. మాట్లాడక్కర్లేదు. తల ఉంటే చాలు.


ఎల్క్ రన్
9 జనవరి 1988

మిస్ ప్రిట్చర్డ్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఇర్మా అక్టోబరు తొమ్మిదిన పోయింది. ఇల్లు ఉంది. సభ ఇక్కడే జరగవచ్చు.

లెక్క చూశాను. పోయినసారి పదకొండు. అందులో ఇర్మా ఒకరు. మిగిలింది పది. గరాజులో ఉన్న నన్ను కలిపితే పదకొండు. పన్నెండుకి ఒకరు తక్కువ. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను కనుక ఇంతవరకూ తప్పు ఉండదు.

గరాజు సంగతి నిజమే. ఆ రోజు నేను లోపలికి వచ్చి ఉంటే పన్నెండు అయ్యేది. ఎల్క్ రన్‌కి ఈ నియమం వర్తించేదే కాదు. స్క్రూలు మాత్రం ఇప్పటికీ సైజుల వారీగానే ఉన్నాయి.

కుర్చీలు పదకొండు.

ఇట్లు,
ఆర్విడ్ నైక్విస్ట్

తా.క. ఇర్మా పేరున ఉత్తరాలు పంపడం మానమని అనడం లేదు. వస్తే నేను తెరుస్తాను.


కార్వర్
14 జనవరి 1988

నైక్విస్ట్ గారికి,

ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు చింపి ఇది మూడోది రాస్తున్నాను. నాకు ఇర్మా గొంతే ఎక్కువ తెలుసు. ప్రతి కాకస్ అయ్యాక ఫోన్ చేసి, "లోర్నా, లెక్క రాసుకో, తర్వాత ఎవరు ఎవరితో పోట్లాడారో చెప్తా" అనేది. ఆ రెండో భాగం కోసమే నేను ఫోన్ దగ్గర కూర్చునేదాన్ని.

మీ కుర్చీల మాటలో ఉన్న ఇబ్బంది నాకు అర్థమైంది. మీరు నోరు తెరిచి చెప్పే మనిషి కారు. అందుకని నేనే చొరవ తీసుకుని కమిటీ వాళ్లతో మాట్లాడాను. ఎల్క్ రన్‌ని ఈసారే జిమ్‌లో కలిపేయడానికి వాళ్లకి అభ్యంతరం లేదు. చర్చి వ్యాన్ పంపి మీ ఊరివాళ్లందరినీ ఎక్కించుకొస్తాం. మీరు ఒక్క కుర్చీ కూడా జరపక్కర్లేదు.

మీ బాధలో పాలుపంచుకుంటూ,
లోర్నా ప్రిట్చర్డ్

తా.క. జిమ్‌కి గరాజు లేదు. బాస్కెట్‌బాల్ బంతులు పెట్టుకునే గది ఒకటి ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, కావాలంటే చెప్పండి.


ఎల్క్ రన్
18 జనవరి 1988

మిస్ ప్రిట్చర్డ్ గారికి నమస్కారం.

ఇబ్బంది ఏమీ లేదు. కుర్చీలు పదకొండు అంటే కుర్చీలు పదకొండు అని. నా మాటల్లో లోపలి అర్థాలు ఉండవు. ఇర్మా ముప్పై ఎనిమిదేళ్లు వెతికి మానుకుంది.

సభ ఇక్కడే జరగాలి. రెండుసార్లు తక్కువైతేనే కలపాలని మీ నియమం. ఒక్కసారే అయింది. ఇది నియమం చెప్పే కారణం. అసలు కారణం వేరే. 1968 నుంచి నాలుగేళ్లకోసారి ఆ రోజు ఈ ఇంటి నిండా మనుషులు ఉంటున్నారు. ఈసారీ ఉండాలి. ఇంతకంటే రాయడం నాకు రాదు.

పన్నెండో మనిషి కోసం నిన్న కర్ట్ బ్రెకన్ ఇంటికి వెళ్లాను. మా పక్క పొలం వాళ్లది. పందులు పెంచుతారు. కర్ట్ 1961లో నా దగ్గర ఆల్జీబ్రా రెండుసార్లు చదివాడు, ఇష్టపడి కాదు.

"మీ వాకిట్లో సెనేటర్ రూత్ కాలహన్ బోర్డు ఇంకా ఉందే. ఆవిడ వైపేనా మాస్టారూ?" అన్నాడు.

"ఇర్మా పాతింది. నేల గడ్డకట్టింది. ఊడి రావడం లేదు."

నా రాజకీయ విశ్వాసం ఇంతే.

"ఆవిడ మంచిదే," అన్నాడు కర్ట్. "వరదలప్పుడు వచ్చి మోకాలి లోతు బురదలో నిలబడింది ఆవిడొక్కతే. నేనైతే ఆవిడ వైపే. కానీ జనం వెయ్యరు కదా! నవంబరులో గెలవాలంటే గవర్నర్ డెల్మారే దిక్కు."

"డెల్మార్‌లో నీకేం నచ్చింది?"

"నాకేం నచ్చలేదు మాస్టారూ. జనానికి నచ్చుతాడు."

వంటింట్లోంచి వాళ్లావిడ ట్విలా అరిచింది. "జనం జనం అంటావు, ఎవరయ్యా ఆ జనం? నేనూ ఆవిడకే వేద్దును. నువ్వు వెయ్యవని ఊరుకున్నా."

"నేను వేస్తానే! నువ్వే వెయ్యవనుకున్నా."

"మరైతే ఇద్దరం వేద్దామా?"

కర్ట్ తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. మిగతావాళ్లు వెయ్యరు."

దారిలో ఇంకో నాలుగిళ్లలో అడిగాను. తామైతే ఆవిడకే వేస్తామని, మిగతావాళ్లే వెయ్యరని నాలుగిళ్లవాళ్లూ చెప్పారు. ఆ మిగతావాళ్లు ఎవరో చూద్దామనుకున్నాను. రోడ్డు మీద ఇళ్లు అయిపోయాయి.

ఇంత తిరిగి, సభకి వస్తారా అని ఎవరినీ అడగలేదు. ఇంటికొచ్చి టోపీ తీశాక గుర్తొచ్చింది. అడగడం ఇర్మా పని. నేను కారు నడిపేవాణ్ణి. అందుకని అందరికీ కార్డులు రాస్తున్నాను. మాటకంటే రాతలో నేను కొంచెం నయం.

ఇట్లు,
ఆర్విడ్ నైక్విస్ట్

తా.క. ఇంకో నాలుగు కుర్చీలు పంపగలిగితే మంచిది. ఇందులోనూ లోపలి అర్థం లేదు.


కార్వర్
25 జనవరి 1988

నైక్విస్ట్ గారికి,

నియమం మీ వైపే ఉంది. కమిటీ వాళ్లు గొణిగారు గానీ ఒప్పుకున్నారు. కానీ ఈసారి పన్నెండు రాకపోతే ఇక నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

కుర్చీల ఏర్పాటు చేశాను. బెక్‌స్ట్రమ్ అండ్ సన్స్ వాళ్లని అడిగితే నాలుగేం ఖర్మ, ఇరవై తీసుకోండి అన్నారు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకి వాళ్ల బండిలోనే తెచ్చి దింపుతారు.

గెలిచేవాళ్లు, నచ్చినవాళ్లు అన్న వాదన సంగతి. నేను ఈ ఆఫీసులో చేరినప్పటి నుంచీ నాకు నచ్చినవాళ్లని పక్కన పెట్టి, గెలుస్తారన్నవాళ్లనే ఎంచుకుంటున్నాను. ఇంతవరకూ వాళ్లలో ఒక్కరూ గెలవలేదు. అయినా పద్ధతి మంచిదే. ఓడిపోయినప్పుడు పెద్దగా బాధ ఉండదు.

అంతా సవ్యంగా జరగాలని కోరుతూ,
లోర్నా ప్రిట్చర్డ్

తా.క. బెక్‌స్ట్రమ్ వాళ్లు కుర్చీలతోపాటు అలవాటు కొద్దీ ఒక సంతకాల పుస్తకం, దాన్ని నిలబెట్టే స్టాండు కూడా పంపుతారు. హాజరు అందులోనే రాయించండి. మా ఫారాలు అయిపోయాయి.


ఎల్క్ రన్
9 ఫిబ్రవరి 1988

మిస్ ప్రిట్చర్డ్ గారికి నమస్కారం.

సభ జరిగింది. హాజరు పద్నాలుగు. నియమానికి కావలసిన దానికంటే ఇద్దరు ఎక్కువ.

ఎలా వచ్చారో కూడా రాస్తాను. ఎలాగూ మీ చెవిన పడుతుంది.

బెక్‌స్ట్రమ్ అండ్ సన్స్ అంత్యక్రియలు జరిపించేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. కుర్చీలు కుర్చీలే కదా అనుకున్నాను. వాళ్ల పొడుగాటి నల్ల బండి రెండు గంటలకి వచ్చి మా గుమ్మం ముందు నలభై నిమిషాలు ఆగింది. దారిలో మంచు నేను తవ్వి పెట్టలేదు. వాళ్లే తవ్వుకున్నారు. అక్టోబరులో అలా ఆగినప్పుడు మంచు లేదు.

రెండోది నా కార్డులు. ఇంట్లో ఉన్నవే వాడాను. ఇర్మా అంత్యక్రియలకి వచ్చినవాళ్లకి కృతజ్ఞత చెప్పడానికి అచ్చు వేయించినవి, ఇంకా చాలా మిగిలాయి. వాటికి నల్ల అంచు ఉందని చూస్తూనే రాశాను గానీ, అందుకున్నవాళ్లు ఏమనుకుంటారో తట్టలేదు. రాసింది ఇంతే: 'సోమవారం 8వ తేదీ, సాయంత్రం ఏడు గంటలు. నైక్విస్ట్ ఇల్లు. తప్పక రాగలరు.' ఎందుకో రాయలేదు. ఆ సోమవారం ఏమిటో రాష్ట్రమంతటికీ తెలుసు కదా అని.

ముందు కార్డు, తర్వాత బండి. పోయిందెవరని ఎవరూ అడగక్కర్లేకపోయింది. ఈ ఇంట్లో మిగిలింది ఒక్కణ్ణే.

ఆరున్నరకి తలుపు చప్పుడైతే నేనే తీశాను. అది వాళ్లు అనుకోలేదు. కర్ట్ నల్ల కోటు వేసుకున్నాడు. ట్విలా చేతుల్లో చావింటికి తెచ్చే వేడివేడి నూడుల్స్ క్యాసరోల్ గిన్నె.

"మాస్టారూ, మీరేంటి ఇక్కడ?" అన్నాడు కర్ట్.

"మా ఇల్లు."

"మరి బండి?"

"కుర్చీలు."

"మరి కార్డు? ఆ నల్ల అంచు?"

"మిగిలాయి."

ట్విలా గిన్నె నా చేతుల్లో పెట్టి గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. ఏడుపు అయ్యాక తిట్టింది. "కార్డేమో శుక్రవారం వచ్చింది, బండేమో ఇవాళ వచ్చింది! పోయే ముందే తేదీ చూసుకుని, మీ అంత్యక్రియలకి మీరే కార్డులు రాసిపెట్టుకుని ఉంటారనుకున్నాం. మాస్టారు అలాగే చేస్తారని ఈయనతో అన్నాను కూడా. ఇలాగేనా మనుషుల్ని పిలిచేది?"

నా క్రమశిక్షణ మీద ఊళ్లో ఇంత నమ్మకం ఉందని తెలియదు.

తర్వాత ఎల్మర్ స్టంప్ వచ్చాడు. ఎనభై తొమ్మిదేళ్లు. చెవులు వినిపించవు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, జేబులోంచి కాగితం తీశాడు.

"నీ గురించి నాలుగు మంచి మాటలు రాసుకొచ్చాను. ఇప్పుడు వీటినేం చెయ్యమంటావ్?"

"చదవండి," అని అరిచాను.

"నువ్వు ఎదురుగా ఉండగానా? సిగ్గుండక్కర్లా? ఉంచుతాలే. పాడైపోయేవి కావు."

ఈ విధంగా తొమ్మిది మంది వచ్చారు. ఆరు క్యాసరోల్‌లు, ఒక పంది తొడ హ్యామ్, రెండు తియ్యటి జెల్లోలు కూడా వచ్చాయి. అన్నీ వంటింట్లో పెట్టారు. పెట్టినవాళ్లు అక్కడే నిలబడ్డారు. ఇంకో నలుగురు మాత్రం పేపరు చదివి, నిజంగా కాకస్ కోసమే వచ్చారు. నలుగురూ మూడో అభ్యర్థి మేయర్ ప్రాట్ మనుషులు. మిగతావాళ్ల బట్టలు చూసి కొంచెం బెదిరారు.

ఏడు గంటలకి సభ మొదలుపెట్టాను. గవర్నర్ డెల్మార్ వైపువాళ్లు వంటింట్లో, మేయర్ ప్రాట్ వైపువాళ్లు ముందు గదిలో, సెనేటర్ కాలహన్ వైపువాళ్లు మెట్ల మీద నిలబడాలని ప్రకటించాను. లెక్కపెడితే వంటింట్లో తొమ్మిది. ముందు గదిలో నలుగురు. మెట్ల మీద నేను. పద్నాలుగులో నూటికి పదిహేను వంతు అంటే ఇద్దరికి కొంచెం పైన. కనుక ముగ్గురు ఉండాలి. నా గుంపు చెల్లలేదు.

చెల్లని గుంపులోవాళ్లు వేరే గుంపులో కలవాలి, లేదా ఇంటికి వెళ్లాలి. అధ్యక్షుణ్ణి నేనే కనుక నియమం నాకు నేనే గట్టిగా చదివి వినిపించుకున్నాను. ఇంటికి వెళ్లాను. అంటే మూడో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి.

కౌంటీ మహాసభకి ప్రతినిధులు డెల్మార్ తరఫున ఇద్దరు, ప్రాట్ తరఫున ఒకరు. సంతకాల పుస్తకం దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
ఆర్విడ్ నైక్విస్ట్

తా.క. నాలుగు క్యాసరోల్‌లు ఇంకా మిగిలే ఉన్నాయి. పోయినవాడికి ఇంత తిండి దేనికని ఎప్పుడూ ఆలోచించలేదు. వాడు పోకపోతే తెలుస్తుంది.


కార్వర్
15 ఫిబ్రవరి 1988

నైక్విస్ట్ గారికి,

మీరు బతికి ఉన్నందుకు ముందుగా సంతోషం. నేను వేళాకోళానికి అనడం లేదు. బుధవారం పొద్దున్న కిరాణా కొట్లో మీ కబురు విని అరగంట ఏడ్చాను. మధ్యాహ్నం టపాలో మీ ఉత్తరం వచ్చింది.

ఆ బండి అక్టోబరులో మీ గుమ్మానికే వచ్చిందన్న సంగతి నాకు తట్టనే లేదు. క్షమించండి. చౌకలో కుర్చీలు దొరికాయన్న సంబరంలో పడ్డాను.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు పంపిన పుస్తకం మొదటి పేజీలో 'కీర్తిశేషులు', దాని పక్కన గీత, కింద 'జననం', ఆ కింద 'తేదీ' అని అచ్చు వేసి ఉంది. మీరు ఆ గీత మీద మీ పేరు రాశారు. జననం 1922 అని రాశారు. తేదీ ఫిబ్రవరి 8 అని రాశారు. నల్ల సిరాతో, గుండ్రని దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు.

"ఖాళీ కనబడితే నింపే మనిషండీ, లెక్కల మాస్టారు," అని నేను సర్దిచెప్పబోయాను. ప్రాట్ వాళ్లు వినలేదు. రెండు అభ్యంతరాలు పెట్టారు. ఒకటి, రికార్డు ప్రకారం సభకి అధ్యక్షత వహించినవాడు అప్పటికే పోయాడు. పోయినవాళ్లు అధ్యక్షత వహించకూడదు. "ఓటు వేసిన సందర్భాలు లేకపోలేదు," అని ఒక పెద్దాయన లేచాడు. కూర్చోబెట్టాం.

రెండోది గట్టిది. ఆ పుస్తకంలో 'పోయినవారితో బంధుత్వం' అని ఒక గడి ఉంది. వంటింటివాళ్లు తొమ్మిది మందీ దాన్ని నింపారు. 'పక్కింటివాళ్లం', 'శిష్యుణ్ణి', 'నలభై ఏళ్ల స్నేహం' అని. అంటే వీళ్లు అంత్యక్రియలకి వచ్చారు తప్ప కాకస్‌కి రాలేదని ప్రాట్ వాళ్ల వాదన. తొమ్మిది తీసేస్తే మిగిలేది అయిదు. అయిదైతే ఎల్క్ రన్ జిమ్‌కి వచ్చేయాల్సిందే.

దీనికి నేను విరుగుడు కనిపెట్టాను. మీరు రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపండి. ఒకటి, నేను బతికే ఉన్నాను. రెండు, వంటింట్లోని తొమ్మిది మందీ గవర్నర్ డెల్మార్‌కి మద్దతుగానే అక్కడ నిలబడ్డారు. అధ్యక్షుడి మాటే చివరి మాట. ఇక సభ ఎన్నేళ్లయినా మీ ఇంట్లోనే.

మీ మేలు కోరే,
లోర్నా ప్రిట్చర్డ్

తా.క. రెండోది మాత్రం ఎలాగైనా రాయండి. మొదటిది మీరు రాయకపోయినా కొందరు నమ్ముతున్నారు.


ఎల్క్ రన్
20 ఫిబ్రవరి 1988

మిస్ ప్రిట్చర్డ్ గారికి నమస్కారం.

ఒకటి. బతికే ఉన్నాను.

రెండు. రాయలేను.

ఆ రోజు నేను మనుషుల్ని లెక్కపెట్టలేదు. గదిని లెక్కపెట్టాను. వంటింట్లో ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా నా ప్రకటన విని అక్కడికి వెళ్లలేదు. ముందే ఉన్నారు. గిన్నెలు అక్కడ ఉన్నాయి. పొయ్యి వేడి అక్కడ ఉంది. నేను "డెల్మార్ వైపువాళ్లు వంటింట్లో" అన్నప్పుడు ఎల్మర్ స్టంప్ నా వైపు చూసి చెయ్యి ఊపాడు. కర్ట్ హ్యామ్ కోస్తూ, "దీనికంటే పదునైన చాకు ఉందా మాస్టారూ?" అన్నాడు. దాన్ని నేను మద్దతు కింద రాసుకున్నాను.

ఎందుకు అలా చేశానో కూడా రాస్తాను. అక్టోబరు తర్వాత ఆ వంటింట్లో ఇద్దరు మనుషులు ఒకేసారి నిలబడలేదు. తొమ్మిది మంది కనిపించారు. గిన్నె మూతలు చప్పుడవుతున్నాయి. ట్విలా ఏ డబ్బా ఎక్కడుందో నన్ను అడగకుండా తీస్తోంది. కదలండి, వేరే గదుల్లోకి వెళ్లి గుంపులు కట్టండి అని చెప్పబుద్ధి కాలేదు. లెక్కల మాస్టారికి ఇది తగిన కారణం కాదు. పిల్లలు ఇలా జవాబు ముందే రాసుకుని లెక్క చేస్తే సున్నా వేసేవాణ్ణి. కర్ట్‌కి వేశాను.

కనుక తొమ్మిది ఓట్లూ చెల్లవు. కార్వర్ జిమ్‌లో కలపడానికి నాకు అభ్యంతరం లేదు. ఉంది. దానికి నియమం లేదు.

కుర్చీలు బెక్‌స్ట్రమ్ వాళ్లకి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నా కారులో.

ఇట్లు,
ఆర్విడ్ నైక్విస్ట్

తా.క. ఈ ఉత్తరం సంగతి కర్ట్‌కి చెప్పాను. "ఇదేంటి మాస్టారూ, ఇల్లు పోగొట్టుకుంటారా?" అన్నాడు. ఇల్లు ఎక్కడికీ పోదని చెప్పాను. పెన్ను అడిగి పట్టుకెళ్లాడు. తిరిగి ఇవ్వలేదు.


కార్వర్
3 మార్చి 1988

నైక్విస్ట్ గారికి,

మీరు చాలా కష్టమైన మనిషి. ఇర్మా ఓపిక ఎంతో నాకు ఇప్పుడు తెలిసింది.

నిన్న కమిటీ కూర్చుంది. మీ ఉత్తరం పైకి చదివాను. ప్రాట్ వాళ్లు కోటు బొత్తాలు పెట్టుకుని లేచారు కూడా. అప్పుడు తలుపు తెరుచుకుంది. కర్ట్ బ్రెకన్, ట్విలా, వెనకాల మిగతా ఏడుగురూ లోపలికి వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ప్రమాణపత్రం, నోటరీ ముద్రతో. ఫిబ్రవరి 8న సాయంత్రం తాము నైక్విస్ట్ వంటింట్లో నిలబడింది గవర్నర్ డెల్మార్ మీద అచంచలమైన అభిమానంతోనే తప్ప మరి దేనికీ కాదని తొమ్మిది మందీ ప్రమాణం చేశారు.

పత్రాల మీద తేదీ ఫిబ్రవరి 27. గవర్నర్ డెల్మార్ పోటీ నుంచి తప్పుకున్నది ఫిబ్రవరి 24న. మీరు పేపరు చూసే ఉంటారు.

"ఆయన తప్పుకున్నాడు కదయ్యా, ఇంకా ఆయన వైపేనా?" అని మా కమిటీ అధ్యక్షుడు అడిగాడు.

"ఆయన తప్పుకున్నాడండీ. మేం తప్పుకోలేదు," అన్నాడు కర్ట్.

"మరి మీ మాస్టారే మీరు ఆయన కోసం నిలబడలేదని రాశారే?"

"మాస్టారికి లెక్కలు వచ్చండీ. మా మనసులో ఏముందో ఆయనకేం తెలుసు? అడిగితే కదా!"

ప్రాట్ మనిషి లేచి, "నువ్వు హ్యామ్ కోస్తున్నావట కదా ఆ టైములో?" అన్నాడు.

ట్విలా అందుకుంది. "కోస్తూ అభిమానించకూడదని ఎక్కడన్నా రాసి ఉందా? చూపించండి."

అధ్యక్షుడు నియమావళి మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. ఎక్కడా లేదు.

ఎల్మర్ స్టంప్ తన పత్రం తానే చదువుతానన్నాడు. గవర్నర్ గారి గురించి నాలుగు మంచి మాటలు. 'ఈయన మాటలు తక్కువ. మా ఇద్దరు పిల్లలకీ భిన్నాలు నేర్పింది ఈయనే. శీతాకాలంలో నా దారిలో మంచు తవ్వి, నేను చూడకముందే వెళ్లిపోతాడు.' గవర్నర్ డెల్మార్ ఈ రాష్ట్రానికి వచ్చింది మొత్తం రెండుసార్లు. ప్రాట్ మనిషి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఒక మాటకి తొమ్మిది ప్రమాణాలు ఎదురు వచ్చాయి కనుక అధ్యక్షుడి మాట చెల్లదని, అంటే మీ మాట చెల్లదని, కమిటీ తేల్చింది. హాజరు పద్నాలుగు. ఎల్క్ రన్ సభ ఇకముందూ మీ ఇంట్లోనే.

ఇంకొకటి. ఇరవై రెండో నియమం ప్రకారం, తమ అభ్యర్థి తప్పుకున్న గుంపు, ఇకపై ఎవరి వైపు వెళ్లాలో తేల్చుకునేదాకా ప్రతి గురువారం సాయంత్రం, ఆ గుంపు మొదట ఏర్పడిన చోటే సమావేశం కావాలి. చోటు మీ వంటిల్లు. మీరు ఆ గుంపులో లేరు కనుక మీకు ఓటు లేదు. తలుపు తియ్యాలి.

అలిసిపోయి,
లోర్నా ప్రిట్చర్డ్

తా.క. వాళ్లు తొందరగా తేల్చుకునే రకంలా కనబడలేదు.


ఎల్క్ రన్
11 మార్చి 1988

మిస్ లోర్నా గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నియమావళి తెప్పించుకుని రెండుసార్లు చదివాను. అందులో ఉన్న నియమాలు ఇరవై ఒకటి. ఇరవై రెండోది లేదు. వెనక అట్ట లోపలి వైపు కూడా చూశాను.

తప్పు కనబడితే ఎత్తి చూపడం నా అలవాటు. దీన్ని ఎవరికీ చూపలేదు.

మొదటి సమావేశం నిన్న గురువారం జరిగింది. తొమ్మిది మందీ వచ్చారు. అభ్యర్థి లేడు. అజెండాలో ఒక్క అంశమూ లేదు. మూడు గంటలు పట్టింది.

ఇట్లు,
ఆర్విడ్